తలపోటు వచ్చినప్పుడు పడుకోబెట్టవద్దు

గిద్దలూరు వైపునుంచి ఒక సోదరి వ్రాసిన పెద్ద వుత్తరం ఈ వారం ముందు పెట్టుకున్నాను. ఆమె భర్త మూడేళ్ల క్రితం చింతకాయ దులపడానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి పడ్డారట. మెడ అడుగున వెన్నుపూస చితికింది. ప్రాణం దక్కింది గాని, రొమ్మునుంచి కిందికి చలనమూ లేదు, స్పర్శా లేదు. చేతులు కొంత ఆడతాయి. మూత్రానికి ఎప్పుడూ గొట్టం వుంటుంది. ఇక ఆమె మాటల్లోనే:

“మొన్న మధ్యాహ్నం వున్నట్టుండి తల పగిలిపోతున్నదని కేకలు పెట్టారు. ముఖం కందగడ్డలా అయింది. నుదుటిమీద చెమట ధారలు. కాళ్లు పట్టుకు చూస్తే చల్లగా వున్నాయి, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కదలకుండా పడుకోబెట్టి తలమీద తడిగుడ్డ వేశాం. తగ్గకపోగా హెచ్చింది. వూళ్లో బి.పి. చూసే ఆయన వచ్చి నూట అరవై వుందన్నారు. ఎండదెబ్బ, నిద్రపోతే సర్దుకుంటుందన్నారు. చెమటకు దుప్పటి తడిసిపోయిందని మా మరిది ఆయన్ను లేపి కూర్చోబెట్టాడు. చూస్తే మూత్రపు గొట్టం తొడకింద నలిగి మడతపడి వుంది. అది సరిచేయగానే సంచీ సగం నిండింది. పావుగంటలో తలనొప్పి మాయం. తలకూ ఆ గొట్టానికీ ఏమిటండీ సంబంధం? ఇది మళ్లీ వస్తుందా?”

సంబంధం వుంది. మళ్లీ వచ్చే అవకాశమూ వుంది. ఆ మరిది దుప్పటికోసం చేసిన పనే ఆ పూట వైద్యమైంది. మనిషిని కూర్చోబెట్టడం, గొట్టం మడత విప్పడం: పెద్దాసుపత్రిలోనైనా మొదట చేసేవి ఆ రెండే. ఆ అరగంట ఇంకొంచెం సాగివుంటే మెదడులో నరం చిట్లి వుండవచ్చు. భయపెట్టడానికి అనటం లేదు. ఈ జబ్బు చేసే పనే అది.

దీని పేరు ఆటొనామిక్ డిస్‌రిఫ్లెక్సియా. నోరు తిరగని పేరే. అయినా ఇంట్లో అటువంటి రోగి వున్నవారు ఒక కాగితంమీద వ్రాసుకుని కంఠస్థం చేయవలసిన పేరు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

వెన్నుపాము అంటే వెన్నుపూసల మధ్య బొంగులాంటి దారిలో మెదడునుంచి కిందికి దిగే నరాల కట్ట. కాళ్లూ చేతులూ ఆడించే ఆజ్ఞలు దానిలోంచే వెళతాయని అందరికీ తెలుసు. మనకు తెలియకుండా జరిగే పనుల ఆజ్ఞలు కూడా అందులోనే వెళతాయి. చెమట పట్టించడం, రక్తనాళాలను బిగించడం, వదులు చేయడం అటువంటివి. వెన్నుపాము తెగినా నలిగినా తెగినచోటికి కింది భాగం చచ్చిపోదు. బతికే వుంటుంది. మెదడు అదుపు తప్పి, తనంత తాను పనిచేస్తూ వుంటుంది.

ఇప్పుడు మూత్రాశయం నిండి వుబ్బిందనుకోండి. ఆ కబురు పైకి బయలుదేరి గాయందగ్గర ఆగిపోతుంది. మనిషికి మూత్రం నిండినట్టే తెలియదు. కాని కింది వెన్నుపాముకు కబురు అందింది. అది కంగారుపడి కడుపులోనూ కాళ్లలోనూ వున్న రక్తనాళాలన్నిటినీ బిగించేస్తుంది. కంభం చెరువు చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. కింది తూములన్నీ ఒక్కసారి మూసేస్తే నీటిమట్టం ఏమవుతుంది? కట్టమీద ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడ కట్టలంటే మెదడులోనూ కంటిలోనూ గుండెదగ్గరా వుండే నాళాలు. మెడలో రక్తపు పోటును కనిపెట్టే చిన్న కావలివారున్నారు. వారు వెంటనే మెదడుకు చెబుతారు. మెదడు ‘తూములు తెరవండి’ అని ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞ గాయందాకా వచ్చి అక్కడే నిలిచిపోతుంది. మెదడు చేతిలో మిగిలినవి రెండే. గాయానికి పైనున్న నాళాలను వదులు చేయడం ఒకటి: అందుకే ముఖం ఎర్రబడుతుంది, చెమట పోస్తుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది. గుండెకు పోయే వేగస్ నరం వెన్నుపాములోంచి పోదు గనుక దాని ద్వారా గుండెను నెమ్మది చేయడం రెండవది. చాలామందికి ఆ సమయంలో నాడి మందగించడానికి కారణం ఇదే. ఈ రెండూ చాలవు. కింద ఒత్తిడి కలిగించే వస్తువు తీసేదాకా పోటు ఎక్కుతూనే వుంటుంది. పైఅంకె రెండువందల యాభై, మూడువందల వరకు వెళ్లిన సందర్భాలున్నాయి.

అందరు వెన్ను రోగులకూ ఇది రాదు. వీపు పూసల్లో ఆరవదానిదగ్గరగాని, అంతకు పైనగాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఈ ప్రమాదం వుంది. ఇంట్లో గుర్తు పట్టాలంటే, స్పర్శ రొమ్ము ఎముక అడుగునుంచిగాని అంతకు పైనుంచిగాని పోయినవారు అన్నమాట. నడుము విరిగి కాళ్లు మాత్రమే పోయినవారికి సాధారణంగా రాదు. దెబ్బ తగిలిన మొదటి వారాల్లో కూడా అరుదు; వెన్నుపాము ఆ తొలి దిగ్భ్రమనుంచి తేరుకున్నాక, తరచు మొదటి సంవత్సరంలోపల మొదలవుతుంది. ఒకసారి వచ్చినవారికి జీవితాంతం ఎప్పుడైనా రావచ్చు.

ఆ బి.పి. చూసిన ఆయనను నేను తప్పు పట్టను. నూట అరవై అంటే అరవై ఏళ్ల గుమాస్తాగారికి ‘ఉప్పు తగ్గించండి’ అని చెప్పే అంకె. కాని మెడదగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారి మామూలు పోటు మన పోటు కాదు. వారికి రోజూ పైఅంకె తొంభైనుంచి నూటపదిలోపే వుంటుంది. తొంభై వుండే మనిషికి నూటముప్పై వచ్చినా అది చాలా పెరిగినట్టే. తన మామూలుకంటే ఇరవై నలభై మిల్లీమీటర్లు పెరిగితే అనుమానించవలసిందే. కనుక ఇంట్లో రోగి బాగున్న రోజున, కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి బి.పి. చూపించి గోడమీద వ్రాసిపెట్టుకోండి. ఆ మామూలు అంకె తెలియకపోతే ఎంత మంచి డాక్టరైనా ‘ఇది పెద్ద పోటేమీ కాదే’ అనుకునే ప్రమాదముంది.

ఈ సంగతి వైద్యులకే ఆలస్యంగా తెలిసింది. మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకి దెబ్బలు తిన్న సైనికులను చూసి హెడ్, రిడక్ అనే బ్రిటిషు వైద్యులు 1917లో మూత్రాశయం నిండితే చెమటలు పోస్తాయని వ్రాశారు. రక్తపు పోటు మాట తేల్చినవారు గట్‌మన్, విటరిడ్జ్. గట్‌మన్ జర్మనీలో హిట్లరు బాధ పడలేక ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు. ఆయన 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్ను విరిగిన సైనికులకోసం ఒక వార్డు తెరిచాడు. అంతకుముందు అటువంటివారిలో చాలామంది పడకపుండ్లతోనూ మూత్రపు జబ్బులతోనూ కొద్దికాలంలోనే పోయేవారు. 1947లో ఆయనా విటరిడ్జూ కలిసి, మూత్రాశయం వుబ్బితే రక్తపు పోటు ఎట్లా ఎగబాకుతుందో కొలిచి చూపించారు. ఆ వార్డు పచ్చికలో 1948లో చక్రాల కుర్చీలవారు ఆడిన ఆటలే పెరిగి పెద్దవై నేటి పారాలింపిక్సు అయ్యాయి. అక్కడ ఇంకో విడ్డూరం. పోటు పెరిగితే కొంచెం బలం వస్తుందని కొందరు ఆటగాళ్లు కావాలని మూత్రం బిగబట్టుకునేవారు, కాళ్లకు పట్టీలు బిగించుకునేవారు! ప్రాణంతో చెలగాటమని 1994లో దాన్ని నిషేధించారు.

ఇక ఇంట్లో చేయవలసినది. దయచేసి ఇంట్లో రోగిని చూసుకునే ప్రతివారూ, చిన్నపిల్లలతో సహా, ఇది తెలుసుకోండి.

తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమట వచ్చాయా, ముందు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు మంచం కిందికి వేలాడదీయండి. పడుకోబెడితే రక్తం తలకు చేరి పోటు హెచ్చుతుంది. కూర్చోబెడితే కొంత కాళ్లకు దిగుతుంది. పైన శీర్షికలో వ్రాసినది అదే. తరువాత బిగువుగా వున్నవన్నీ వదులు చేయండి: మొలతాడు, పంచె ముడి, లుంగీ, బెల్టు, పొట్టకు కట్టిన పట్టీ, మూత్రపు సంచీని కాలికి కట్టే పట్టీ, బూట్లు. స్పర్శలేని మనిషికి మొలతాడు కోసుకుపోతున్నా తెలియదు.

పిమ్మట గొట్టం చూడాలి. ఈ జబ్బుకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది మూత్రాశయమే. గొట్టం మడతపడిందా? మనిషి దానిమీద కూర్చున్నాడా? సంచీ నిండి వెనక్కు తంతున్నదా? సంచీ ఎప్పుడూ మూత్రాశయానికి దిగువనే వేలాడాలి. మంచంమీద పక్కన పెట్టేవారు చాలామంది వున్నారు, అది తప్పు. గొట్టంలో మడ్డి అడ్డుపడితే, నేర్చినవారు పది పదిహేను మిల్లీలీటర్ల గోరువెచ్చని సెలైనును మెల్లగా ఎక్కించి చూస్తారు. గ్లాసుడు నీళ్లు ఎక్కించరాదు. నిండిన కుండలో ఇంకా పోసినట్టవుతుంది. అప్పటికీ రాకపోతే గొట్టం మార్చవలసిందే. గొట్టం వాడనివారికైతే వెంటనే గొట్టం వేసి మూత్రం తీయాలి. పొట్ట నొక్కి రప్పిద్దామని చూడవద్దు. నొక్కినకొద్దీ పోటు పెరుగుతుంది.

మూత్రం సాఫీగా వచ్చినా తగ్గలేదంటే తరువాతి అనుమానం మలబద్ధం. గట్టిపడిన మలం పేగుచివర అడ్డుపడినా ఇదే జరుగుతుంది. దాన్ని వేలితో తీయబోయే ముందు లిగ్నొకెయిన్ జెల్లీ రాసి కొన్ని నిమిషాలు ఆగాలి. మొద్దుబారకముందే కెలికితే వున్న పోటుకు ఇంకొంత చేరుతుంది. పోటు నూటయాభై దాటి వుంటే ఈ పని ఇంట్లో వద్దు, ముందు డాక్టరు మందుతో దించాలి. ఇవి రెండూ కాకపోతే తల మొదలు పాదం వరకు బట్టలు విప్పి వెతకండి. పడకపుండు, కాలి బొటనవేట్లో లోపలికి పెరిగిన గోరు, పక్కమీదికి వచ్చిన తుమ్మముల్లు, తొడమీద పెట్టుకున్న వేడి గిన్నెకు కాలిన బొబ్బ, తెలియకుండా విరిగిన కాలి ఎముక. మనకు ‘అబ్బా’ అనిపించేది ఏదైనా సరే, వారికి ‘అబ్బా’ అనిపించదు గాని పోటు ఎక్కిస్తుంది. వారి ఒంటికి నొప్పి చెప్పుకునే భాష ఈ తలపోటు ఒక్కటే మిగిలింది.

ఇదంతా చేస్తూ రెండు మూడు నిమిషాలకొకసారి బి.పి. చూస్తూ వుండాలి. కారణం దొరకలేదా, దొరికినా పది నిమిషాల్లో దిగలేదా, 108కి ఫోను చేయండి. మార్కాపురంనుంచి ఒంగోలు సుమారు వంద కిలోమీటర్లు. గిద్దలూరునుంచి నంద్యాల పోవాలంటే నల్లమల దాటాలి. కనుక ‘ఇంకాసేపు చూద్దాం’ అనే మాట ఇక్కడివారు అనుకోవలసినది కాదు. బండిలో కూడా కూర్చోబెట్టే తీసుకుపోవాలి. ఆసుపత్రిలో నిఫెడిపిన్, నైట్రోగ్లిజరిన్ వంటి త్వరగా పనిచేసే మందులు ఇస్తారు. రోగి గత ఒకటి రెండు రోజుల్లో సిల్డెనాఫిల్ జాతి మాత్ర వేసుకుని వుంటే సిగ్గుపడకుండా చెప్పాలి. దానిమీద నైట్రోగ్లిజరిన్ పడితే పోటు పాతాళానికి జారుతుంది. అన్నీ సర్దుకున్నాక కూడా రెండు గంటలపాటు బి.పి. గమనించాలి, తిరగబెట్టడం వుంది.

ఒక హెచ్చరిక. కూర్చోబెట్టమన్నది పాత గాయం వున్నవారిని. ఇప్పుడే చెట్టుమీదనుంచో, పలకరాయి గనిలోనో, ట్రాక్టరు తిరగబడో పడినవాణ్ని కూర్చోబెట్టారా, మిగిలిన నాలుగు నరాలూ తెగిపోతాయి. వాణ్ని మెడ కదలకుండా, నలుగురు పట్టి, చదునైన పలకమీదనో తలుపుమీదనో సాఫుగా పడుకోబెట్టి మాత్రమే తరలించాలి.

పశ్చిమ ప్రకాశంలో వెన్నుపాము చెడటానికి ఎక్కడినుంచో పడనక్కరలేదు. తాగే నీళ్లు చాలు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ ప్రభృతి వైద్యులు ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ వ్యాధిని నెల్లూరు జిల్లాలో గుర్తించి వ్రాశారు. మనుషుల్లో ఆ వ్యాధిని గురించి మన దేశంలో వచ్చిన తొలి నివేదికగా దాన్నే చెబుతారు. ఆనాడు కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో వుండేవి. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో ఇవన్నీ కలిశాయి, దానికే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము దాటకుండా వుంటే మంచిది, ఒకటిన్నర దాటరాదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, నడుము వంగదు, మెడ తిరగదు. అంతటితో ఆగదు. వెన్నుపూసల మధ్య మెత్తగా వుండవలసిన బంధనాలు రాయిలా గట్టిపడి, ఎముకలు లావెక్కి, వెన్నుపాము దారి ఇరుకవుతుంది. కాళ్లు బిగుసుకుని, తడబడి, చివరకు పడిపోతాయి. నల్లగొండలో సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో దీన్ని గురించి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాశారు. తరువాత హైదరాబాదు న్యూరోసర్జను డాక్టర్ డి. రాజారెడ్డిగారు ఫ్లోరోసిస్‌లో వెన్నుపాము ఎట్లా నలుగుతుందో చాలాకాలం పరిశోధించారు. మెడలోనూ వీపు పైభాగంలోనూ ఈ నలుగుడు వచ్చే అవకాశం వుంది. అంటే మనం పైన చెప్పుకున్న ఆరవ పూసకు ఎగువన! అటువంటి మనిషికి కాళ్లు పడిపోయాక వచ్చే తలపోటును ‘వయసుమీద పడ్డది’ అని తోసిపుచ్చడానికి లేదు. వెన్నుపాము పూర్తిగా తెగనివారికి ఈ పోటు తక్కువగా వస్తుంది, వచ్చినా తీవ్రత తక్కువ. కాని రానే రాదని అనలేము. పైగా ఆ బిగిసిన వెన్ను చిన్న జారుపాటుకే దెబ్బతింటుంది.

ఈ ప్రాంతపు ఎండల్లో ఇంకొక పొరపాటు కూడా జరుగుతున్నది. మాటిమాటికీ సంచీ వంచాలని రోగి నీళ్లు తగ్గిస్తాడు. పాపం, ఇంటివారికి శ్రమ ఇవ్వకూడదనే వుద్దేశమే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, గొట్టంలో మడ్డి పేరుకుంటుంది, అదే అడ్డుపడుతుంది. శుద్ధి చేసిన నీళ్లు కొనుక్కునే ఇళ్లలో కూడా రోగికి లెక్కపెట్టి పోయకండి. రోజుకు ఎంత తాగాలో డాక్టరును అడిగి అంతా తాగించండి.

స్త్రీల సంగతి వేరే చెప్పాలి. వెన్ను దెబ్బతిన్న స్త్రీ గర్భవతి కావచ్చు, చక్కని బిడ్డను కనవచ్చు. ఐతే నొప్పులు ఆమెకు తెలియవు. ప్రసవపు నొప్పికి బదులు ఈ తలపోటే రావచ్చు. దాన్ని గర్భిణులకు మామూలుగా వచ్చే బి.పి. అనుకుని మందులిస్తే దారి తప్పుతుంది. నెలలు నిండకముందే మత్తు డాక్టరు వున్న ఆసుపత్రిలో మాట్లాడి పెట్టుకోవాలి. నడుములోకి ఇచ్చే మత్తు ఈ పోటును బాగా అదుపు చేస్తుంది.

దీనికి సరిగ్గా తలకిందులైన స్థితి మరొకటి వీరికే వస్తుంది. పొద్దున పడకమీదనుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టగానే పోటు పడిపోతుంది. ముఖం పాలిపోతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి, మూర్ఛ వస్తుంది. అప్పుడు మాత్రం వెనక్కు వాల్చి కాళ్లు ఎత్తాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేయవద్దు. ముఖం ఎర్రబడి తల పగులుతుంటే కూర్చోబెట్టాలి. పాలిపోయి తల తిరుగుతుంటే పడుకోబెట్టాలి.

వేలూరు మన ప్రాంతంవారికి కొత్త వూరు కాదు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే ఆమె 1954లో మోటారు ప్రమాదంలో వెన్ను విరిగి, కాళ్లు చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. వెన్ను రోగులకు జీవనవిద్య నేర్పే విభాగాన్ని నడిపింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. వీలున్నవారు అటువంటి చోట కొన్ని వారాలు వుండి గొట్టం వేసుకోవడం, తీసుకోవడం, మలవిసర్జన క్రమం, ఒళ్లు కాపాడుకోవడం నేర్చుకుని రావడం మంచిది. నాలుగైదు గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో తానే మూత్రం తీసుకోవడం నేర్చినవారికి ఎప్పుడూ గొట్టం మోయవలసిన అవసరమే వుండకపోవచ్చు.

పేరు కంఠస్థం చేయమన్నాను గదా. చిన్న ఆసుపత్రుల్లో ఈ జబ్బును చూసినవారు తక్కువ. రాత్రి పన్నెండు గంటలకు అక్కడ డ్యూటీలో వున్న కుర్ర డాక్టరుకు మీరే చెప్పవలసి రావచ్చు. కింది మాటలు ఒక అట్టమీద వ్రాసి రోగి దిండుకింద ఒకటి, కుర్చీకి ఒకటి పెట్టండి:

“నాకు వెన్నుపాము ఫలానా పూసదగ్గర దెబ్బతిన్నది. నా మామూలు బి.పి. ఇంత. నాకు ఆటొనామిక్ డిస్‌రిఫ్లెక్సియా వస్తుంది. తలపోటు, చెమట, బి.పి. పెరుగుదల కనిపిస్తే దయచేసి నన్ను పడుకోబెట్టవద్దు. కూర్చోబెట్టి, ముందు మూత్రాశయం, తరువాత పేగు, తరువాత చర్మం చూడండి. నేను వాడే మందులు ఇవి.”

పూస పేరూ, అంకెలూ మీ డాక్టరుచేతనే వ్రాయించండి. నిఫెడిపిన్ ఇంట్లో పెట్టుకోవచ్చునా అన్నది కూడా ఆయన్నే అడగండి. ఎప్పుడు, ఎంత వేయాలో అదే అట్టమీద వ్రాసి ఇస్తే సరి. లేకుండా సొంతంగా వేయవద్దు. కారణం తొలగిన తరువాత మాత్ర లోపల మిగిలి వుంటే పోటు మరీ కిందికి జారిపోతుంది.

పడకపుండ్లను గురించి అదే వుత్తరంలో ఆ సోదరి ఇంకో రెండు ప్రశ్నలు వేశారు. అవి వచ్చేవారం.